వెయ్యి రోజుల బావి

రోజు 958

పోటు వేళ నీరు పదకొండు గాట్లు. ఆటు వేళ పదకొండు గాట్లు. రుచి ఉప్పన, చివర కాస్త తుప్పు. గాలి ఆగ్నేయం. కప్పలు లేవు.

ఈ పుస్తకంలో కప్పల గడి ఎవరు పెట్టించారో నాకు తెలియదు. మూడేళ్లకు దగ్గర పడుతోంది, రోజూ "లేవు" అని రాస్తున్నాను. కప్ప బతకాలంటే మంచినీళ్లు కావాలి. మంచినీళ్లే ఉంటే ఈ ఊరు అర్జీ పెట్టుకునేదే కాదు, నేను ఈ రేకుల షెడ్డులో కూర్చుని లేని కప్పల్ని లెక్కపెట్టేవాణ్ణీ కాదు. చిన్నప్పుడు వానాకాలాలు సుఖంగా గడిపినవాడెవడో లైసెన్సులిచ్చే మండలిలో ఉండి ఉంటాడు. ఆయన పోయాడు, గడి ఉండిపోయింది.

ఇంక నలభై రెండు రోజులు. ఆ తరువాత చివరి పేజీలో నేను సంతకం పెడితే ఇక్కడ కుండ పాతుతారు. కుండ అన్నది ఊళ్లోవాళ్ల మాట. మండలి కాగితాల్లో దానికి మూడు వరుసల పేరుంది, అణు విద్యుత్ అన్న మాట మధ్యలో ఎక్కడో వస్తుంది. రెండు లారీల మీద వస్తుంది, మూత బిగించి భూమిలో పాతితే ముప్పై ఏళ్లు ముట్టుకోనక్కర్లేదు. దాని కరెంటుతో సముద్రపు నీళ్లు తియ్యనవుతాయి, స్థలం ఇచ్చిన ఊరికి తొలి వాటా వస్తుంది. నాలుగో చింతరేవుకు కావలసింది ఆ వాటాయే. నాలుగోది ఎందుకంటే మొదటి మూడు చింతరేవులూ ఇప్పుడు అలల కింద ఉన్నాయి.

ఈ ఊరికి మూడు రోజులకొకసారి నీటి బండి వస్తుంది. ఇంటికి ఆరు బిందెలు. లైసెన్సు రాకపోతే ఈ ఏడాది చివర బండి ఆపేస్తారు, అరవై రెండు ఇళ్లవాళ్లనీ మెట్టలో వేసిన షెడ్లలోకి తోలేస్తారు. సముద్రానికి తొంభై మైళ్లు. వల అల్లడం తప్ప ఇంకో పని ఎరగని జనం అక్కడ ఏం చేస్తారో ఏ కాగితంలోనూ లేదు.

నా పేరు గనిశెట్టి భీమలింగం, వయసు డెబ్బై ఆరు, ఉద్యోగం స్థల సాక్షి. దీనికి అర్హత ఒక్కటే, ఏ పరీక్షా ప్యాసై ఉండకూడదు. వెనకటికి ఒక స్థలం బాగుందని చెప్పడానికి పదిమంది పండితులు రెండేళ్లు రాసేవారట. తరువాత యంత్రం వచ్చి అదే నివేదికను టీ చల్లారేలోపు రాసిచ్చింది. ఇంకో టీ తెప్పించుకుంటే ఆ స్థలమే బాగాలేదని కూడా అంతే అందంగా రాసిచ్చింది. దాంతో కాగితం మీద నమ్మకం పోయి, వెయ్యి దినాల చట్టం వచ్చింది. ఒక మనిషి ఆ నేల మీదే ఉండి, చేత్తో కొలిచి, చేత్తో రాయాలి. చదువుకున్నవాడు తనకు తెలిసింది రాస్తాడు, చదువులేనివాడు కనపడింది రాస్తాడు అని చట్టం చేసినవాళ్ల ఉద్దేశం. ఆ లెక్కన నేను సగం మోసగాణ్ణి. చేతిపంపులు బాగుచేస్తూ, వాటితో వచ్చే చిన్న పుస్తకాల మీద అక్షరాలు నేర్చుకుని, ఆ తరువాత పకోడీ పొట్లాలతో సహా దొరికిందల్లా చదివాను. పరీక్ష మాత్రం రాయలేదు.

రోజు 963

పోటు పదకొండు. ఆటు పదకొండు. రుచి ఉప్పన. గాలి లేదు. కప్పలు లేవు.

కొలిచే పద్ధతి ఇది. షెడ్డు పక్కనే భూమిలోకి దింపిన ఇనప గొట్టం ఉంది, చెయ్యి పట్టేంత వెడల్పు. దాన్నే సాక్షి బావి అంటారు. గాట్లు పెట్టిన టేకు కర్రను అందులోకి దించి, తీసి, తడి ఎంతవరకూ ఉందో చూడాలి. పగటి పోటుకొకసారి, పగటి ఆటుకొకసారి. సముద్రం దిగినప్పుడు బావి కూడా రెండు గాట్లకు మించి దిగిందంటే అడుగున నేల గుల్లగా ఉన్నట్టు, సముద్రానికీ దీనికీ మధ్య దారులున్నట్టు. అలాంటి చోట కుండ పాతకూడదు. ఇక్కడి బావి రాతిమీద గీసిన గీతలా పదకొండు దగ్గరే ఉంటుంది. మొదట్లో ఒకటి రెండు గాట్లు ఊగేది, ఏడాదిన్నర తరువాత ఆ ఊగు కూడా పోయింది. నేల సర్దుకుందనుకున్నాను.

నా భోజనం దాలమ్మ ఇంట్లో. ఊరున్న దిబ్బ మీద ఆరో ఇల్లు. నలభై ఏళ్లుంటాయి ఆమెకు, మొగుడు పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు, నోరు మాత్రం నలుగురిది. ఆమె ఇంట్లో అన్నం వేళ రోజూ మారుతుంది. నిన్న పదింటికి పెడితే ఇవాళ పదకొండుకు దగ్గరగా, రేపు పన్నెండు కావస్తుండగా. సముద్రం మీద బతికేవాళ్ల ఆకలి చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది కాబోలని మొదట్లో నవ్వుకున్నాను, తరువాత నా కడుపు కూడా అలాగే అలవాటు పడింది.

ఇవాళ నీటి బండి వచ్చింది. నీళ్లలో బ్లీచింగు దట్టంగా కలిపారు. మెట్ట షెడ్లలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయట, అందుకని అన్ని బండ్లలోనూ కలుపుతున్నారు. దాలమ్మ పెట్టిన మజ్జిగ ఆసుపత్రి వరండా వాసన కొట్టింది.

"ఇదేం మజ్జిగమ్మా, గాయాలు కడుక్కోవడానికా?" అన్నాను.

"తాగీ తాతా, తాగీ. కడుపులో పురుగులుంటే సచ్చిపోతాయి."

"పురుగులు సరే, నేనో?"

"నువ్వెందుకు పోతావు? ముప్పై ఏడు రోజులు నిన్ను పోనిత్తామా మేం?"

ఈ ఊళ్లో అందరికీ నా రోజుల లెక్క నాకంటే బాగా తెలుసు.

రోజు 966

పోటు పదకొండు. ఆటు పదకొండు. రుచి ఉప్పన. గాలి పడమర. కప్పలు లేవు.

రోజు 967

ముందుగా ఒక దిద్దుబాటు. చట్టం ప్రకారం తప్పు రాసిన చోట చదవడానికి వీలుండేలా ఒక్క గీత కొట్టి, కారణం కింద రాయాలి. నిన్నటి పేజీలో "రుచి ఉప్పన" అన్నది కొట్టేశాను. నిన్న ఆటు వేళ బావి నీళ్లు నాలుక మీద వేసుకుంటే బ్లీచింగు వాసన వచ్చింది. పోటు వేళ రాలేదు. నాకు తెలిసింది, అయినా ఉప్పన అని రాశాను. ముప్పై నాలుగు రోజులే మిగిలాయి, ముసలి నాలుకకు ఏవేవో తోస్తాయిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. సాక్షిగా ఇది నా మూడో స్థలం. అబద్ధం రాయడం ఇదే మొదలు.

ఇవాళ పోటు పదకొండు. ఆటు సంగతి కింద రాస్తాను.

అన్నానికి పిలుపు రాగానే దిబ్బవైపు నడిచి, సగం దారిలో వలలు ఆరేసిన దగ్గర ఆగిపోయాను. పదినిమిషాలు కాలేదు. ఊరి పెద్ద గరికిన ఎర్రన్న భుజాన బిందె పెట్టుకుని షెడ్డు వెనకనుంచి వచ్చాడు. అరవై దాటినవాడు, మోకాళ్ల నొప్పులు, ఎవరింట్లోనైనా మంచినీళ్లు కావాలంటే కూర్చున్న చోటికి తెప్పించుకునే మనిషి. గొట్టం ముందు గొంతుక్కూర్చుని, చుక్క కింద పడకుండా, పసిబిడ్డకు పాలు పట్టినట్టు బిందెడు నీళ్లూ పోశాడు.

వెనకనుంచి వెళ్లి, "దాహంగా ఉందా దానికి?" అన్నాను.

బిందె జారింది గానీ మనిషి జారలేదు. "ఏటి బాబూ, అన్నం తినలేదేటి?" అన్నాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏటి ఎన్నాళ్లు?"

"ఎర్రన్నా, నేను పంపులు విప్పినవాణ్ణి. నీళ్ల సంగతిలో నాతో ఆటలాడకు."

బిందె తిరగేసి దాని మీద కూర్చున్నాడు.  "వానలకు ముందర మొదలెట్టినాం. ఈ యేడు వానలు కాదు, కిందటేడువి. ఇంటికో బిందె, వరసలు కట్టుకున్నాం. ఇయ్యాల నా వరస."

నేను వేళ్ల మీద లెక్క వేశాను. నాలుగు వందల బిందెలకు తక్కువ కాదు. ఇంటికి ఆరు బిందెలు వచ్చే ఊళ్లో, పిల్లల తలలు సముద్రపు నీళ్లతో కడిగే ఊళ్లో, తాగే నీళ్లు తెచ్చి భూమికి పోశారు. నీళ్లు వస్తాయన్న ఆశతో.

నేను అన్నానికి రాలేదని ఈలోగా దాలమ్మ వచ్చింది. ఇద్దరినీ చూసింది, బిందెను చూసింది, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"సెప్పీసినావేటి మావా?"

"సెప్పకేటి సేత్తాను, ఎనకాల నిలబడిపోయినాడు."

"అందుకా అమ్మా, నా అన్నం వేళ రోజూ మారేది?" అన్నాను.

"నీకు అన్నం పెట్టలేదా? ఒక్క పూటైనా సల్లారిన కూడు పెట్టినానా?" అని ఆమె నా మీదే లేచింది. "ఆటు కొచ్చేసరికి బావి దిగిపోతంది. నువ్వే కదా సెప్పినావు, బావి దిగితే స్థలం పోద్దని!"

నిజమే. నేనే చెప్పాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో, వలలు బాగుచేసుకునే చోట కూర్చుని, అంతకుముందు నేను కాపున్న స్థలం కథ చెప్పాను. అక్కడ ఆటుకు బావి మూడు గాట్లు దిగిందనీ, నేను రాశాననీ, తెల్లారేసరికి మండలివారు హద్దు మేకులు పీక్కుని పోయారనీ. అడిగింది ఎవరు? ఎవరూ అడగలేదు. నాకు కథ చెప్పడం ఇష్టం, వాళ్లు వినే మొహాలు పెట్టారు, ఇంకో రెండు వివరాలు కలిపి చెప్పాను. ఏ వేళకు కొలుస్తారో, పోసిన నీళ్లు సన్న గొట్టంలో ఎంతసేపు నిలుస్తాయో, పంపుల రోజుల అనుభవంతో సహా. ఊరికి బడి లేకపోతే నేను నడిపాను.

ఆటు వేళ రీడింగు: పదకొండు. అందులో ఎర్రన్న బిందె ఉంది. రుచి బ్లీచింగు.

రోజు 968

పోటు పదకొండు. ఆటు ఐదు.

ఇవాళ ఎవరూ నీళ్లు పోయలేదు. అన్నానికి కూడా వెళ్లలేదు. ఉదయం నుంచి గొట్టం పక్కనే కూర్చున్నాను. సముద్రం వెనక్కి పోతుంటే కర్ర మీద తడి ఒక్కో గాటే కిందికి జారింది. ఐదు దగ్గర ఆగింది. ఆరు గాట్ల తేడా. మొదట్లో రెండు దాటని ఊగు బిందెల చాటున ఇంతైంది. నేను చూసిన గుల్ల నేలల్లో ఇంత గుల్ల లేదు. మన కాళ్ల కింద సముద్రం మెట్లు ఎక్కి దిగుతోంది.

యంత్రం ఈ మధ్యాహ్నమే పలికింది. అది షెడ్డు గోడకు వేలాడే పెట్టె. నేను రాసిన పేజీని చదివి మండలికి పంపుతుంది. అడిగిందే అడుగుతుంది కనుక ఊళ్లోవాళ్లు దాన్ని మునసబు అంటారు.

"గౌరవనీయ సాక్షి గారికి నమస్కారం. నేటి ఆటు అంకె గత సరాసరికి పొసగడం లేదు. మీ వయసును దృష్టిలో ఉంచుకుని దీనిని చూపు దోషంగా నమోదు చేయమంటారా?"

"వద్దు."

"చూపు దోషంగా నమోదు చేసినచో వెయ్యి దినాల లెక్కకు భంగం కలగదు."

"నా చూపు బాగానే ఉంది. నీ సరాసరిలో నాలుగు వందల బిందెలున్నాయి, అవి తీసేసి చూసుకో."

"బిందె అనే కొలమానం నా పట్టికలో లేదు," అంది మునసబు.

సాయంత్రం ఎర్రన్న వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. గుమ్మంలో నిలబడే మాట్లాడాడు.

"బాబూ, రాసీసినావా?"

"రాశాను."

"నువ్వు పోతావు. పెట్టె సర్దుకుని ఇంకో ఊరు పోతావు, ఆళ్లకీ కతలు సెప్తావు. మేం ఎక్కడికి పోతాం?"

కలం బల్ల మీద పెట్టాను.  

"రేపు కుండ కుంగితే?" అన్నాను.

"రేపటి సంగతి. దాహం ఇయ్యాల కదా."

అతను వెళ్లాక ఈ పేజీలో కప్పల గడి నింపలేదని గుర్తొచ్చింది. లేవు.

రోజు 974

పోటు పదకొండు. ఆటు ఐదు. రుచి ఉప్పన, ఇప్పుడు నిజంగానే.

మండలి నుంచి పరిశీలకురాలు వచ్చింది. పేరు కాంతిమతి. యాభై ఏళ్లుంటాయి, కళ్ల కింద నలుపు, చెప్పుల నిండా మూడు జిల్లాల దుమ్ము. ఆమె చేతికింద ముప్పై ఒక్క స్థలాలున్నాయట. బల్ల మీద కూర్చోగానే చెప్పులు విడిచి పాదాలు నొక్కుకుంది. అది చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. కాళ్లు నొప్పి పుట్టేంత తిరిగేవాళ్లు పూర్తిగా చెడిపోరు.

"భీమలింగం గారూ, మీ గోడ మీది పెట్టె ఒక దారి చూపించింది. మీ కళ్లు సరిగా కనపడలేదని ఒక్క ముక్క రాస్తే ఈ ఏడు రోజులూ సరాసరిలో కలిసిపోతాయి. ఇంకా ఇరవై ఆరు రోజులు కాగానే లైసెన్సు. నేను రాయమనడం లేదు. దారి ఉందని చెప్పడం నా విధి, చెప్పాను."

"మీరైతే రాస్తారా?"

"నేను రాయకూడదు. నాకు రెండు డిగ్రీలున్నాయి." ఆమె నవ్వలేదు. "ఈ ఏడాది నా స్థలాల్లో తొమ్మిది పోయాయి. పైవాళ్లు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నారు. పదోది ఇదైతే మళ్లీ తిప్పుకుంటారు, అంతే. నాకేం కాదు. ఊరికే అవుతుంది."

అప్పుడు ఆటు. కర్ర ఆమె చేతికిచ్చాను. చట్టంలో పరిశీలకురాలు కొలవకూడదని లేదు, కొలిచినట్టు ఎవరూ వినలేదు, అంతే. ఆమె దించింది, తీసింది, చూసింది. చీర కొంగుతో తుడిచి మళ్లీ దించింది. మూడోసారి తరువాత కర్రను ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

ఊరు అప్పటికే చుట్టూ చేరింది. ముందు వరసలో ఎర్రన్న, అతని పక్కన దాలమ్మ.

"అమ్మగోరూ," అన్నాడు ఎర్రన్న, "మా హద్దులో ఇంకో స్థలం సూడండి. ఎక్కడైనా ఇత్తాం. తోటలు ఇత్తాం, వలలు ఆరేసుకునే సోటు ఇత్తాం."

కాంతిమతి తన సంచీలోంచి పటం తీసి బల్ల మీద పరిచింది. చాలాసేపు వేలు పెట్టి తిప్పింది. చెప్పడానికి ఆమెకు ఇష్టం లేదని నాకు తెలిసిపోయింది.

"మీ ఊరి హద్దులో గట్టి రాయి ఒక్కచోటే ఉంది. కింద నాలుగు వందల అడుగుల వరకూ పగులు లేదు. అక్కడైతే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టవచ్చు. లెక్క నడుస్తున్నన్నాళ్లూ నీటి బండి ఆపకూడదు, అది చట్టం."

"ఎక్కడమ్మా?"

"మీ ఇళ్ల కింద."

ఊరంతా దిబ్బ వైపు తిరిగింది. మూడుసార్లు సముద్రం తరిమాక వాళ్లు వెతికి వెతికి పట్టుకున్న చోటు ఆ దిబ్బ. ఇళ్లు గట్టి నేల మీద కట్టుకుని, కుండకు మాత్రం ఎవరికీ పనికిరాని గుల్ల నేల చూపించారు. ఎవరైనా అదే చేస్తారు. నేనైనా అదే చేసేవాణ్ణి.

రోజు 975

పోటు పదకొండు. ఆటు ఐదు. కాంతిమతి రాత్రి ఎర్రన్న ఇంటి వరండాలో పడుకుంది, వెళ్లలేదు.

పొద్దున్నే ఊరు సమావేశమైంది, పడవల దగ్గర టార్పాలిన్ కింద. నన్ను పిలవలేదు, పొమ్మనలేదు. వెనక కూర్చున్నాను.

ఎర్రన్న చెప్పింది ఇది. నాలుగో చింతరేవును ఐదోది చెయ్యడం తన వల్ల కాదు. మూడు ఊళ్లు ఎత్తాడు, ఒక ఊళ్లో తల్లి పోయింది, ఒక ఊళ్లో కొడుకు పోయాడు. ఇప్పుడు దిబ్బ దిగి గుల్ల నేల మీద పడుకోమంటే, కుండకు పనికిరాని నేల మనుషులకెలా పనికొస్తుంది? ఇంతకంటే ముసలాయన ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది. "కళ్లు కనపడలేదని రాసుకుంటే ఆయన మొగతనం పోద్దా?" అన్నాడు, నా వైపు చూడకుండా.

కొందరు అవునన్నారు. చాలామంది.

అప్పుడు దాలమ్మ లేచింది.

"మావా, ఆ బావిలో నాను పోసినన్ని నీళ్లు నువ్వు పోసినావా? వరస తప్పినోళ్లందరి బిందెలూ నానే మోసినాను. నా ఆడగుంటలిద్దరికీ జొరం వచ్చిన రోజు కూడా పోసినాను. నిన్న ఆ అమ్మగోరు కర్ర తీసినప్పుడు దగ్గిరికెళ్లి సూసినాను. ఐదు. ఇన్నాళ్లు నాను పోసింది ఏ సముద్రంలోకి పోయిందో తెలిసినాది."

"అయితే ఏటంటావు? ఇల్లు పీకమంటావా?"

"పీకుతాను. ఇల్లు కుంగితే తలుపు తీసుకుని బయటికొత్తాం, మళ్లీ నిలబెట్టుకుంటాం. మనకది కొత్తేటి? కుండ కుంగితే ఏ తలుపు తీత్తావు?"

"ఓలి దాలమ్మా, కుండ పక్కన పడుకోడానికి నీకు బయం నేదా?" అని ఎవరో ఆడమనిషి అడిగింది.

"బయం ఉన్నాది కాబట్టే రాయి మీద పెట్టమంటన్నాను. బయం నేనిది మన ఎర్రన్న మావకే."

నవ్వారు. ఎర్రన్న కూడా నవ్వాలో వద్దో తెలియక మీసం సరిచేసుకున్నాడు. నవ్వినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. మధ్యాహ్నం దాకా అరుచుకున్నారు. రెండు కుటుంబాలు మెట్ట షెడ్లకే పోతామన్నాయి, పోయాయి కూడా. చివరికి తేలింది ఏమిటంటే, బావి తవ్వడానికీ షెడ్డుకీ ముందుగా పన్నెండు ఇళ్లు దిగితే చాలు, మిగిలినవి వెయ్యో రోజు దగ్గర పడ్డాక చూసుకోవచ్చు. ఆ పన్నెండింటిలో ఆరోది దాలమ్మది. నాలుగోది ఎర్రన్నది.

కాంతిమతి కాగితాలు రాసుకుంటూ నన్ను పక్కకు పిలిచింది. "ఇంకో సాక్షిని వెతకాలంటే నాకు ఏడాది పడుతుంది. పరీక్ష ప్యాసవని మనిషి దొరకడం కష్టంగా ఉంది. మీరు..."

"నాకు డెబ్బై ఆరు."

"తెలుసు."

"వెయ్యి రోజులు కలిపితే డెబ్బై తొమ్మిది దగ్గర పడుతుంది. వెయ్యో రోజుకు ఉంటానో లేదో."

"మధ్యలో సాక్షి పోతే, రెండోవాడు అదే లెక్క కొనసాగించవచ్చు. అది కూడా చట్టంలోనే ఉంది," అంది, ఎంతో మంచి వార్త చెప్పినట్టు.

పాపం, ఆమె దగ్గర ఉన్న మంచి వార్త అదొక్కటే.

రోజు 975, మళ్లీ

ఈ పుస్తకం ఇక్కడ మూసేస్తున్నాను. చివరి పేజీలో సంతకం చోట ఇలా రాశాను: "ఈ స్థలం పనికిరాదు. ఊరివాళ్లు నీళ్లు పోశారు. ఎలా పోయాలో నేర్పింది నేను. భీమలింగం." మునసబు ఆ పేజీని చదివి, చివరి వాక్యం ఏ గడికి చెందుతుందని అడిగింది. కప్పల గడిలో వేసుకోమన్నాను.

రోజు 1

పోటు ఏడు గాట్లు. ఆటు ఏడు. రుచి ఇంకా చెప్పలేను, గొట్టానికి పట్టిన కొత్త నూనె వాసన ఉంది. గాలి దక్షిణం. కప్పలు లేవు.

పన్నెండు ఇళ్లు దిగడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. గోడలు పడగొట్టలేదు, విప్పారు. వాసాలకు నంబర్లు వేసుకుని, తలుపులు మోసుకుని, కింద పాత షెడ్డు చుట్టూ మళ్లీ కట్టుకుంటున్నారు. కుంగితే తేలిగ్గా ఎత్తుకోవడానికి అంతా తాళ్లతోనే కడుతున్నారు. ఎర్రన్న నాతో ఇంకా మాట్లాడటం లేదు. అయితే నా మంచం అతనే పైకి మోయించాడు.

బోరు దిగింది దాలమ్మ వంటింట్లో. పొయ్యి ఉన్నచోట నల్లటి మరక మిగిలింది, గొట్టం దాని నడుమనుంచి లేచింది. బోరు యంత్రం రాయిని తొలుస్తుంటే రెండు రోజులు పళ్లు జివ్వుమన్నాయి. ఇంత మొండి రాతిని నేను ఎక్కడా చూడలేదు. ఆ మాట బోరు నడిపేవాడితో అనబోయి, ఊళ్లోవాళ్లు నలుగురు వింటున్నారని గమనించి, నోరు మూసుకున్నాను. కొత్త అలవాటు. ఎన్నాళ్లు నిలుస్తుందో.

ఆటుకు కొలిచి కర్ర తుడుస్తుండగా దాలమ్మ కిందనుంచి ఎక్కి వచ్చింది. గోడలు లేవు, నాలుగు వైపులా తెరపి, ఎటునుంచైనా రావచ్చు. ఆమె మాత్రం చుట్టూ తిరిగి, గుమ్మం ఉండిన చోటునుంచే లోపలికి వచ్చింది. పొయ్యి మరకను తొక్కకుండా గొట్టం పక్కన కూర్చుంది.

"ఎంత?"

"ఏడు."

"పొద్దున్న?"

"ఏడే."

"కర్ర సరిగ్గా దింపినావా?"

"మూడు స్థలాలు కాపు కాశానమ్మా."

"కాసినావులే. నాలుగొందల రోజులు నీ ముక్కు కిందే పోసినాం, సూసినావా?" అని కర్ర లాక్కుంది. తనే దించింది. గొట్టం అంచుకు చెవి ఆనించి కాసేపు విన్నది, ఏం వినపడుతుందనుకుందో. పైకి తీసి, గాట్లను వేలితో ఒక్కొక్కటే తడుముతూ లెక్కపెట్టుకుంది. ఏడు దగ్గర వేలు ఆగింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"బాగానే ఉన్నాది," అని కర్రను కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. లేచి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"తాతా, రేపు నానొచ్చేదాకా కొలవకు."